కూలిని బియ్యంలో కొలిచిన అత్త

బడి పిల్లల పప్పుకు తాలింపు వేస్తుంటే హెడ్మాస్టరు సారు తన సెల్‌ఫోను పట్టుకొని వంటగది దాకా వచ్చారు. "నీకేనమ్మా, ఖమ్మం నుంచి" అన్నారు. అవతల అత్త కూతురు. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది.

"అమ్మ పోయింది వదినా. బండి దొరికితే పొద్దుగూకేలోపు తీసుకొస్తం. గుంత తవ్వమని చెప్పు."

ఫోను సారు చేతికి ఇచ్చేసరికి తాలింపు మాడిపోయింది. బయట పిల్లలు పళ్లేలు పట్టుకొని వరుసలో నిలబడి ఉన్నారు. ముందు వాళ్లకు వడ్డించాను. ఆఖరి పిల్ల తిని చెయ్యి కడుక్కున్నాక, గిన్నెలు అట్లాగే వదిలేసి, గడ్డపార అడగడానికి మా వాడకు పరుగెత్తాను. దారంతా నాకు ఒకటే ఆలోచన. ఆమె దగ్గర నేను చేసిన తప్పుకు క్షమించమని ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు. ఇప్పుడిక ఎవర్ని అడగాలి?

అత్త అంటే నాకు మేనత్త కాదు, మొగుడి తల్లీ కాదు. దమ్మపేట దగ్గర మా ఊళ్లో, చర్చి వెనక వాడలో, మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే తడిక. నేను కాపురానికి వచ్చిన మొదటి రోజునే తడిక మీద నుంచి తల పెట్టి "మిరప ఏర్తవా పిల్లా?" అని అడిగింది. ఆమె వెంట ఇరవై ఇద్దరు ఆడవాళ్లు మిరప చేలకు పోయేవాళ్లు. రైతులతో మాట్లాడేది ఆమే, మమ్మల్ని ట్రాలీ ఆటో ఎక్కించేది ఆమే. కానీ మేస్త్రి అంటే ఒప్పుకొనేది కాదు. మేస్త్రి మనిషికింత అని కూలిలోంచి పట్టుకుంటాడు, ఆమె పట్టుకొనేది కాదు. అందరితో పాటే వంగి ఏరేది, అందరికి ఎంతో ఆమెకూ అంతే.

బడి మొహం చూడలేదు. వేలిముద్ర. నేను పదో తరగతి పాసయ్యాను. అయినా నా కూలి గురించి నాకు తెలియని సంగతి ఆమె చెప్పాల్సి వచ్చింది.

అది నేను మిరప చేలకు పోతున్న రెండో ఏడు. నలభై ఉన్న కూలి నలభై అయిదు చేశారు. ఆటోలో వస్తూ నేను సంతోషంగా ఏదో పాట తీస్తున్నాను. అత్త నా మోకాలి మీద తట్టింది.

"ఏందే, గంత కుశాలు?"

"అయిదు రూపాయలు పెరిగింది కదా అత్తా."

"పోయినేడు బియ్యం కిలో ఎంత?"

"పది."

"అంటే రోజంతా వంగితే ఎన్ని కిలోలు?"

"నాలుగు."

"ఇప్పుడు కిలో పదమూడు. నలభై అయిదుకు ఎన్నొస్తయ్? చదువుకున్నవు కదా, చెప్పు."

వేళ్ల మీద లెక్కేసుకున్నాను. మూడున్నర కూడా రావడం లేదు. నా పాట ఆగిపోయింది. అత్త నవ్వలేదు. "అయిదు రూపాయలు పెరగలే బిడ్డా. అర్ధ కిలో తగ్గింది. రూపాయి పేరు చెప్పి వాళ్లు ఇస్తరు, బియ్యం పేరు చెప్పి బజారు గుంజుకుంటది. కూలి ఎంతని నన్నెవరడిగినా నేను బియ్యం లెక్కనే చెప్తా" అంది.

నిజంగానే అట్లా చెప్పేది. మూడు కిలోల కూలి, మూడున్నర కిలోల కూలి. కొత్తవాళ్లు విని నవ్వుకొనేవాళ్లు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చొని ఒక్కొక్కర్ని అడిగేది. కిరసనాయిలు ఎంతకు తెచ్చినవ్? సత్తుపల్లికి ఆటో కిరాయి ఎంతయ్యింది? ఒకసారి ఒంటి సబ్బు తెచ్చి అందరికీ చూపించింది. దాని పక్కన పాత కాగితం, అదే సబ్బుది, చిరగకుండా జాగ్రత్తగా దాచుకున్నది. కొత్త సబ్బును పాత కాగితంలో పెడితే వేలు దూరేంత ఖాళీ. "ధర పెంచలేదంటరు. సబ్బునే కోసిన్రు" అంది. మేమంతా ఆ కాగితాన్ని చేతులు మార్చుకుంటూ చూశాం. పాస్టరుగారు కూడా వచ్చి వేలు పెట్టి చూశారు.

ఇదంతా ఆమెకు వేడుక కాదు. ఆమె భర్త ఎప్పుడో పోయాడు. కూతుర్ని ఒంటరిగా సాకింది. ఒకప్పుడు నాలుగు కిలోల కూలితో ఇద్దరూ కడుపు నిండా తిన్నారు. ఏటేటా రూపాయలు పెరుగుతుంటే, ఏటేటా కుండ ఎందుకు వెలితి అవుతుందో అర్థం కాక, తన తెలివిలోనే ఏదో లోపమనుకొని ఏడ్చిందట. "నేను దుబారా మనిషిననుకున్న. లెక్క తెలిసినంక నా మీద నాకు కోపం పోయింది" అని చెప్పింది. ఆమె మాకు ఇచ్చింది ఇదేనని ఇప్పుడు నాకనిపిస్తుంది. డబ్బులు ఇవ్వలేకపోయింది. మా పేదరికం మా తప్పు కాదని మాత్రం తెలియజెప్పింది.

ఆ పై ఏడాది మిరప ధర పడిపోయింది. అప్పుడే అడవి అవతల నుంచి, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి, అక్కడి గొడవలకు ఊళ్లు వదిలి నడిచి వచ్చినవాళ్లు మా చేల దగ్గర కొమ్మలు పాతి, ఆకులు కప్పి గుడిసెలు వేసుకున్నారు. మేము ఏరే చేలోకి ఒకరోజు పొద్దున పోతే, వాళ్లు అప్పటికే సాళ్లలో ఉన్నారు.

కౌలు రైతు మొహం చాటు చేసుకొని అన్నాడు. "వాళ్లు ఇరవై అయిదుకు వస్తున్నరు. మీకు ముప్పై అయిదు ఇస్త. అంతకంటే నాతోటి కాదు."

ఆటోలో తిరిగొస్తుంటే మావాళ్లు మండిపోతున్నారు. గుడిసెలు పీకి తరిమేద్దామన్నారు. నేను కూడా అన్నాను. అత్త ఎవరికీ అడ్డం చెప్పలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకొని ఆ గుడిసెల దగ్గరికి పోయింది. చిన్నప్పుడు భద్రాచలం అడవుల్లో గూడేలవాళ్లతో కలిసి బీడీల తునికాకు కోసిన మనిషి కాబట్టి ఆమెకు వాళ్ల మాట కొంచెం వచ్చు. ఒకామె చంకలో బిడ్డతో బయటకు వచ్చింది. భయపడుతూ నిలబడింది. అత్త కింద కూర్చొని, తన చేతులు తిప్పి చూపించింది. మిరప ఘాటుకు వేళ్ల సందులు పగిలి ఉన్నాయి. ఆమె కూడా తన చేతులు చూపించింది. అంతకంటే ఘోరంగా ఉన్నాయి. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు అత్త చెప్పింది. "వాళ్లు మన కూలి గుంజుకోలే. వెనక్కి పోవడానికి వాళ్లకు ఊరు లేదు. వేరే దారి లేనోడికి ఎంత ఇస్తే అదే కూలి."

"మనకు మాత్రం దారి ఉన్నదా అత్తా?"

"వాళ్లకంటే బెత్తెడు ఎక్కువ ఉన్నది. గంతే. వాళ్లు ఇరవై అయిదు దగ్గర ఉన్నంత కాలం మనని కిందికే గుంజుతరు. వాళ్లని తరిమితే రేపు ఇంకోళ్లు వస్తరు. వాళ్లని మన దాకా పైకి తేవాలె."

కానీ రైతు చెప్పింది నిజమో అబద్ధమో తెలియకుండా ఏమీ చెయ్యనంది. ఖమ్మం బస్సెక్కి ఇద్దరం మిర్చి మార్కెట్‌కు పోయాం. అంత ఎర్రదనం నేనెప్పుడూ చూడలేదు. ఎటు చూసినా బస్తాలు, వాటి మీద రాత్రంతా కాపలా ఉన్న రైతుల మొహాలు. జెండా పాట మొదలైంది. మంచి సరుకున్న ఒక కుప్ప దగ్గర జెండా పట్టుకొని ఆ రోజు ధర పాడుతున్నారు. ధర వినగానే నాకు ఆశ పుట్టింది. "బాగనే పలుకుతుంది కదా!" అన్నాను. అత్త కదలకుండా అక్కడే నిలబడి, తక్కిన కుప్పలు ఎంతకు పోతున్నాయో ఒక్కొక్క రైతునీ అడుగుతూ మధ్యాహ్నం దాకా తిరిగింది. జెండా ధర ఆ ఒక్క కుప్పకే. తక్కినవి తేమ ఉందనో, తెల్లబారిన తాలు కాయ ఉందనో అంతకంతకూ తక్కువకు పోతున్నాయి. మా ఊరి రైతు కూడా ఒక మూలన కనిపించాడు. తన బస్తాల మీద కూర్చొని, మమ్మల్ని చూసి తల దించుకున్నాడు.

తిరుగు బస్సెక్కాం. తల్లాడ దాటాక అత్త అంది. "ఆయన అబద్ధం చెప్పలే. నిజంగనే మునిగిండు. అబద్ధమైతే బాగుండు బిడ్డా. కొట్లాడబుద్ధయ్యేది."

"మరి మనం ముప్పై అయిదుకు ఒప్పుకుందామా?"

"ఆయన మునిగితే మన కడుపు ఎందుకు ఎండాలె? పైనుంచి పడే దెబ్బ ఎవరూ ఆపుకోరు, కిందోడి మీదికి తోస్తరు. మన కింద ఎవరున్నరు తొయ్యడానికి? పిల్లలు. పిల్లల పళ్లెంల నుంచే పోతది."

ఆ ఆదివారం చర్చి మెట్ల మీద అందరం తేల్చుకున్నాం. పాత కూలి, నలభై అయిదు, మాకూ గుడిసెలవాళ్లకూ ఒకటే. ఇవ్వకపోతే ఎవ్వరూ చేలో దిగరు. గుడిసెల్లోని ఆమె తనవాళ్లందర్నీ ఒప్పించింది. పండిన కాయ చెట్టు మీద ఎండిపోతుంది, రైతు వారంలో దిగి వస్తాడని అత్త అంచనా.

మొదటి రెండు రోజులు పండగలా ఉంది. మూడో రోజుకు నా ఇంట్లో బియ్యం అయిపోయింది. అప్పటికి నా భర్త కాలు విరిగి మంచంలో ఉన్నాడు. నా బిడ్డకు చలిజ్వరం. నాలుగో రోజు పొద్దుటి నుంచి గంజి కూడా లేదు. బిడ్డ ఏడవడం మానేసి, కళ్లు తెరిచి పైకప్పు చూస్తూ పడుకుంది. ఏడ్చినా బాగుండేది.

అయిదో రోజు తెల్లవారుజామున, తడిక చప్పుడు కాకుండా, వెనక దారిన నేను చేనుకు పోయాను. రైతు సంచి ఇచ్చాడు. నేనొక్కదాన్నే అంత పెద్ద చేలో వంగి ఏరుతుంటే, గట్టు మీద గుడిసెలామె నిలబడి చూస్తూ ఉంది. చంకలో బిడ్డ. చూసి వెళ్లిపోయింది. ఆమె ఇంట్లో మాత్రం బియ్యం ఉన్నాయా?

మర్నాటికి మావాళ్లు ఇంకో ఆరుగురు దిగారు. ఆ మర్నాడు అందరూ. రైతు ముప్పై ఎనిమిదికి తెగ్గొట్టాడు, గుడిసెలవాళ్లకు ముప్పై. మేము విరిగేదాకా వాళ్లలో ఒక్కరు కూడా చేలో కాలు పెట్టలేదు.

ఆ సాయంత్రం అత్త మా ఇంటికి వచ్చింది. నేను పొయ్యి ముందు కూర్చొని ఉన్నాను, లేవలేదు. లేస్తే ఆమె మొహం చూడాలి. ఆమె నా పక్కన పీట లాక్కొని కూర్చుంది. బిడ్డ నుదురు తాకి చూసింది.

"తిన్నదా?"

"తిన్నది."

అత్త పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "తప్పు నా లెక్కది" అంది. "అందరి ఇంట్ల వారానికి సరిపడా గింజలు ఉన్నయనుకున్న. నా ఇంట్ల ఉన్నయి కాబట్టి అట్ల అనుకున్న. ఎవరి కుండ ముందు ఖాళీ అయితదో వాళ్లే ముందు విరుగుతరు. అది చూసుకోకుండ అందర్నీ ఆపిన. నీ బిడ్డను నేనే పస్తు పెట్టిన."

ఆమె తిట్టి ఉంటే నేను బదులు చెప్పేదాన్ని. క్షమించమని అడిగి ఉండేదాన్ని కూడా. ఆ మాటతో నా నోరు కట్టుబడిపోయింది. ఆమె లేచిపోయాక ఏడ్చాను.

ఆ వారం నుంచే కొత్త పద్ధతి పెట్టింది. పని ఉన్నన్ని రోజులు, వండే ముందు ఒక్కొక్కరూ పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టాలి. శనివారం శనివారం చర్చి గదిలోని పెద్ద గాబులో పోయాలి. వచ్చే ఏడు పని ఆపితే, ముందు ఎవరి కుండ ఖాళీ అవుతుందో వాళ్ల ఇంటికి ఆ బియ్యం పోవాలి. గుడిసెలవాళ్లను కూడా కలిపింది. వాళ్లు దొప్పలో తెచ్చి పోసేవాళ్లు. కొన్ని వారాలు మా కంటే ఎక్కువే తెచ్చారు. వానాకాలం వచ్చేసరికి గాబు నిండింది. మూత పెట్టిన రోజు అత్త దాని మీద చెయ్యి వేసి, "ఈసారి వారం కాదు, ఇరవై రోజులు ఆపుత" అంది. అంత ధీమా ఆమె మొహంలో అంతకు ముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు.

ఆ ఏడు మిరప వేస్తే కదా.

రైతు కౌలు వదిలేశాడు. భూమి ఆసామి ఆ చేలన్నీ దున్ని పామాయిల్ మొక్కలు పెట్టించాడు. చుట్టుపక్కల కూడా చాలామంది అదే పని చేశారు. అత్తా నేనూ చూడడానికి పోయాం. మోకాలెత్తు మొక్కలు, ఒకదానికొకటి దూరం దూరంగా, చేను చేనంతా. నీళ్లు పెట్టే మనిషి ఒకడు గట్టు మీద పడుకొని ఉన్నాడు. అత్త అతన్ని అడిగింది, ఇది పెద్దయ్యాక గెలలు కొయ్యడానికి ఎంతమంది కావాలని. నలుగురు మగవాళ్లు చాలన్నాడు. గతంలో ఆ చేలో మేమూ, వాళ్లూ కలిసి యాభై మందిమి వంగేవాళ్లం.

అత్త గట్టు మీద కూలబడింది. "కూలి తగ్గిస్తే కొట్లాడొచ్చు" అంది. "అసలు మనం అక్కర్లేదంటే ఎవరితోటి కొట్లాడాలె?"

నాకు తెలిసి ఆమె లెక్కకు జవాబు దొరకనిది ఆ ఒక్క ప్రశ్నే. గాబులో బియ్యం పోరాటానికి కాకుండా, పని లేని రోజులకు తిన్నాం. గుడిసెలవాళ్ల వాటా అత్తే నెత్తిన పెట్టుకొని మోసుకెళ్లి ఇచ్చింది. కొన్నాళ్లకు వాళ్లు గుడిసెలు విప్పుకొని అడవి లోపలికి ఎటో వెళ్లిపోయారు.

తర్వాత వంద రోజుల పని వచ్చింది. నాకు బడి వంట దొరికింది. "చేతిల ఇంకో పని ఉంటేనే కూలి మనిషి నోట్లె మాట ఉంటది, వదులుకోకు" అని నా వెంటపడి చేర్పించింది అత్తే. రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు, "నా తూకం చెడగొట్టిన్రు గదే!" అని నవ్వింది. నాలుగు రోజులకే మళ్లీ లెక్క కట్టుకొని వచ్చింది. కార్డు బియ్యం పది రోజులకు సరిపోతాయి, తక్కిన ఇరవై రోజులు షాపు ధరే. నవ్వు ఆగిపోయింది.

దగ్గు మాత్రం ఆగలేదు. ఏళ్ల తరబడి కల్లాల్లో పీల్చిన ఘాటంతా ఛాతీలో కూర్చుందో, ఇంకేమైనానో, నాకు తెలియదు. మట్టి పనికి పోయి గడ్డపార ఎత్తలేక కూర్చుండిపోయేది. దవాఖానాకు పోదామంటే, ఒక రోజు పోతే రెండున్నర కిలోలు పోతాయనేది. ఆ లెక్క మాకు నేర్పిన మనిషే, ఆ లెక్కలో ఇరుక్కొని, పోవలసిన రోజు దాటబెట్టుకుంది. కూతురు ఖమ్మం తీసుకుపోయేసరికి ఆలస్యమైంది.

ఒక్కసారి చూడడానికి పోయాను. మంచంలో గుప్పెడయి ఉంది. వార్డు ఊడ్చే ఆమె చీపురు పక్కన పెట్టి అత్త కాళ్ల దగ్గర కూర్చొని ఉంది. నన్ను చూసి అత్త ఊపిరి కూడదీసుకొని, "ఈమెకు కూడా మూడు కిలోలు పడతలేదు" అంది. ఊడ్చే ఆమె నా వైపు తిరిగి, "నిన్నటి నుంచి నాకు గిదే చెప్తుంది. నాకు ఇంత తక్కువస్తుందని నాకే తెల్వదు" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. నేను క్షమించమని అడుగుదామని పోయిన రోజు అది. ఆమె అలసిపోయి కళ్లు మూసుకుంది. మళ్లీ వచ్చినప్పుడు అడుగుదాంలే అనుకున్నాను.

ఫోను వచ్చిన రోజు సాయంత్రమే, పట్టిన ముసురులో అత్తను మట్టి చేశాం. పాస్టరుగారి ప్రార్థన గాలికి సగమే వినబడింది. మిరప ఏరిన ఇరవై ఇద్దరిలో ఊళ్లో మిగిలినవాళ్లం తొమ్మిది మందిమి.

మూడో రోజు మధ్యాహ్నం బడి నుంచి వస్తుంటే, సమాధుల దొడ్డి దగ్గర కొందరు ఆడవాళ్లు నిలబడి కనిపించారు. అయిదుగురు. సంతలో ఎవరో చెప్పారట, తెల్లవారకముందే బయలుదేరి అడవిలోంచి నడిచి వచ్చారు. ముందున్న ఆమెను గుర్తుపట్టాను. చంకలోని బిడ్డ ఇప్పుడు ఆమె చెయ్యి పట్టుకొని నడుస్తున్నాడు. ఆమె నన్ను గుర్తుపట్టిందో లేదో. గట్టు మీద నుంచి నన్ను చూసిన ఆ పొద్దు ఆమెకు గుర్తుందో లేదో. ఎక్కడ అన్నట్టు చూసింది. చూపించాను.

వాళ్లు ఏడవలేదు. మాలాగా ప్రార్థనా చెయ్యలేదు. కొత్త మట్టి చుట్టూ ఊరికే కూర్చున్నారు. అప్పుడే వాన జోరైంది. మట్టి కుప్ప అంచులు కరిగి, ఎర్రటి నీళ్లు పాయలుగా జారడం మొదలుపెట్టాయి. ఆమె లేచి, తన మీదా బిడ్డ మీదా కప్పుకున్న ప్లాస్టిక్ పరదా తీసింది. మిగతా నలుగురూ తలా ఒక కొస పట్టుకున్నారు. దాన్ని సమాధి మీద పరిచి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెట్టారు. మధ్యలో ముడత పడితే ఆమె వంగి, మంచం మీద దుప్పటి సర్దినట్టు, రెండు చేతులతో సర్దింది.

"పిల్లోడు తడుస్తడు" అన్నాను.

"మట్టి పోతది" అంది, వచ్చీరాని తెలుగులో.

ఒకరి వెనక ఒకరు అడవి దారి పట్టారు. ఆమె తన అరచెయ్యి బిడ్డ నెత్తి మీద బోర్లించి పట్టుకొని నడుస్తోంది. చెట్లలో కలిసిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. నేను అక్కడే నిలబడ్డాను. పరదా మీద వాన గట్టిగా పడుతోంది.